సహాయకురాలు అని రాయకు

పళ్ళ క్లినిక్ వెనకగది. మధ్యాహ్నం, పేషంట్లు లేని గంట. కట్టుడు పళ్ళు చేసే ఆవిడ, రిసెప్షన్ అమ్మాయి.

"ఏదీ, మళ్ళీ చదువు."

"'చిరునవ్వుల కుటుంబంలో ఒక సహాయకురాలిని.' తరవాత గుండె బొమ్మ. తరవాత పన్ను బొమ్మ."

"ఆ పన్నుకి కళ్ళెందుకున్నాయే?"

"బొమ్మక్కా అది. నవ్వుతోంది."

"నోరు నవ్వాలి గానీ పన్ను నవ్వడమేమిటి? సరే, అది పోనీ. ఆ సహాయకురాలెవరు?"

"ఎవరేంటి, నువ్వే."

"ఎవరికి సహాయం?"

"డాక్టరు గారికి. అక్కా, నన్నలా చూడకు. ఇది నేను రాసింది కాదు. చిన్న డాక్టరు గారు పంపిన నమూనా. క్లినిక్‌లో పనిచేసేవాళ్ళం తలా ఒక పేజీ తెరవాలట. ఫొటో పెట్టి, దాని కింద మన గురించి రెండు ముక్కలు రాసుకోవాలి. ఆ రెండు ముక్కల్నే బయో అంటారు. క్లినిక్ పేజీలో నొక్కితే మన పేజీలన్నీ వరసగా కనబడతాయి. నాకూ ఇదే ముక్క, నీకూ ఇదే ముక్క, ఊడ్చే మామ్మకీ ఇదే ముక్క."

"మామ్మ ఏమంది?"

"'నేనెవరికీ సహాయం చెయ్యట్లేదమ్మా, ఊడుస్తున్నాను' అంది."

"శభాష్. ఈ క్లినిక్‌లో బుద్ధున్నది ఆవిడ ఒక్కతికే. ఏయ్, ఆ పళ్ళ అచ్చు కింద పెట్టు ముందు! ఇంకా ఆరలేదది. వేలు దిగిందంటే పొద్దున వచ్చిన పెద్దాయన నోట్లో జీవితాంతం నీ వేలిముద్ర తిరుగుతుంది."

"పెట్టేశా, పెట్టేశా. అక్కా, నాలుగింటికల్లా అందరివీ పెట్టి చూపించమన్నారు. రెండుంపావయింది. ఊ అను, నీది కూడా నొక్కేస్తాను."

"ఊ అనను."

"ఒక్క మాటే కదక్కా."

"ఒక్క మాటే కాబట్టే. సహాయకురాలిని కాను నేను. కొట్టెయ్యి దాన్ని."

"కొట్టేసి ఏం రాయను?"

"పళ్ళు చేస్తాను అని రాయి."

"అలా ముక్కుసూటిగా రాస్తే ఎవరు చదువుతారు? దీనికో పద్ధతుందక్కా. రాత్రి మూడు వీడియోలు చూశాను. మొదటి ముక్కలో నువ్వెవరో తెలిసిపోవాలి. రెండో ముక్కలో నీ వల్ల ఎదుటివాళ్ళకేం లాభమో తెలియాలి. మూడో ముక్క గుర్తుండిపోవాలి. గొప్పలు ఉండకూడదు, నసుగుడు ఉండకూడదు. నూట యాభై అక్షరాలు దాటిందా, అదే వద్దంటుంది."

"బాగానే చెప్పారు వాళ్ళెవరో. నీదేం రాశావు?"

"నాదెందుకిప్పుడు."

"చదవవే."

"'కలలు కనే అమ్మాయి. ఆకాశమే హద్దు.'"

"నీ హద్దు ఆ రిసెప్షన్ బల్ల. మంచినీళ్ళకి లేవాలన్నా ఫోను ఎవరికో అప్పజెప్పి లేస్తావు."

"అక్కా!"

"మరి? నువ్వు రాసింది తీసుకెళ్ళి పక్క మందుల షాపు పిల్ల ఫొటో కింద పెట్టు, సరిగ్గా సరిపోతుంది. అందరికీ సరిపోయే పళ్ళసెట్టు ఎవరి నోట్లోనూ నిలవదు, తెలుసా? ఒక్కసారి తుమ్మితే వెళ్ళి కంచంలో పడుతుంది. నువ్వేం చేస్తావో రాయి. పన్ను నొప్పని రాత్రంతా నిద్రలేక వచ్చి అరిచేవాణ్ణి, నువ్వు రెండు మాటలతో కూచోబెడతావు. డాక్టరు చెయ్యి పడక ముందే వాడికి సగం తగ్గుతుంది. అది రాయి."

"అది... అదెవరైనా చేస్తారు కదక్కా."

"నేను చెయ్యలేను. నేనైతే ఇంకోటి పీకుతానని బెదిరిస్తాను."

"సర్లే, నా సంగతి తరవాత. అక్కా, నీకో మాట చెప్పాలి. కోప్పడనని చెప్పు."

"చెప్పను. ముందు మాట చెప్పు."

"క్లినిక్ పేజీ బయో చూశావా? నిన్న మార్చారు."

"నాకెక్కడ తీరింది? చదువు."

"'మేము అమర్చే పళ్ళన్నీ అత్యాధునికమైన పెద్ద ల్యాబ్‌లో తయారవుతాయి.'"

"ఏ పెద్ద ల్యాబ్?"

"సార్ మాట్లాడుకున్నారట. అదే, మెషిన్లవీ ఉంటాయి కదా. మనం అచ్చు తీసి డబ్బాలో పెట్టి పంపితే చాలు, పన్ను వచ్చేస్తుందట. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి."

"వచ్చే నెల నుంచి."

"ఆ."

"మరి 'తయారవుతాయి' అని ఈ నెల్లోనే రాసుకున్నారే?"

"అదీ..."

"దాని కింద ఫొటోలేవో ఉంటాయిగా, నోళ్ళు తెరుచుకుని. ఎవరివవి?"

"మనవాళ్ళవే. లారీ డ్రైవరుది. లైబ్రరీ మేడమ్‌ది. ఆ కవల అన్నదమ్ములవి."

"అంటే, నేను చేసిన పళ్ళు వాళ్ళ నోట్లో ఉన్నాయి, పేరు మాత్రం ఇంకా గుమ్మం తొక్కని ల్యాబ్‌ది."

"అలా అనుకుంటే అంతే మరి."

"ఎలా అనుకుంటే ఇంకోలా అవుతుందో నువ్వే చెప్పు."

"నామీద అరవకక్కా, నేనా రాసింది?"

"నీమీద కాదే పిల్లా. ఒకటి చెప్పు. పళ్ళు అక్కణ్ణించే వస్తే వచ్చే నెల నేను ఈ గదిలో ఏం చేస్తాను?"

"అదే... అచ్చులు కడగడం. తుడిచి డబ్బాల్లో సర్దడం. చీటీలు అంటించడం."

"సహాయకురాలు."

"ఊ."

"అదన్నమాట సంగతి. గుండె బొమ్మ పెట్టి మరీ చెబుతున్నారు. నా గురించి నేనే అలా రాసుకునేట్టు చేసి, రేపు 'మీరే రాసుకున్నారుగా' అనొచ్చు. ఫోను ఇటు తే."

"వద్దక్కా. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావు."

"తే అన్నానా."

"నీ చేతులనిండా ప్లాస్టరుంది! నువ్వు చెప్పు, నేనే కొడతాను. చెప్పు. కానీ నెమ్మదిగా ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించడానికేముంది, ఇరవై రెండేళ్ళ పనాయె. రాయి. 'కట్టుడు పళ్ళు చేస్తాను, ఇరవై రెండేళ్ళుగా.'"

"'...రెండేళ్ళుగా.' ఇది నువ్వెవరో చెప్పే ముక్క. బాగుంది. ఇప్పుడు లాభం ముక్క."

"'ఈ క్లినిక్‌లో పెట్టిన ప్రతి పన్నూ నా చేతిదే.'"

"అక్కా, ఇది లాభం కాదు, తగువు."

"రాయి."

"'ప్రతి' వద్దులే. 'చాలా' అందాం. 'చాలా పళ్ళు నా చేతివే.' కొంచెం మెత్తగా ఉంటుంది."

"మెత్తని పన్ను ఎందుకు పనికొస్తుందే? అబద్ధమైతే చెప్పు, కొట్టేద్దాం. ఈ గదిలోంచి కాకుండా ఒక్క పన్నయినా బయటినుంచి వచ్చిందా?"

"నేను చేరిన నాలుగేళ్ళలో అయితే రాలేదు."

"అంతకు ముందు పద్దెనిమిదేళ్ళలోనూ రాలేదు. పెద్ద డాక్టరు గారు పోయే ముందు రోజు దాకా ఆయనే అచ్చు పట్టుకుని ఆ గుమ్మంలోకొచ్చేవారు. నా గురించి ఆయనెక్కడా బోర్డు కట్టలేదు, నిజమే. అడగాలని నాకూ తోచలేదు, అదీ నిజమే. కానీ ఎవరైనా 'ఎవరు చేశారండీ' అనడిగితే మాత్రం, ఇదిగో వెనకున్నావిడ అని పిలిచి చూపించేవారు. ఇప్పుడు నేనిక్కడ ఉండగానే లేనంటున్నారు. 'ప్రతి' అనే రాయి."

"రాశాను. 'నా చేతిదే.' దేవుడా! ఇప్పుడు గుర్తుండిపోయే ముక్క. ఎవరెవరికి చేశావో రాస్తేనో? పెద్దపెద్దవాళ్ళున్నారుగా. ఆ వార్తలు చదివే ఆయన కూడా మన దగ్గరికే..."

"నోర్ముయ్. ఎవరి నోట్లో ఏది సొంతమో ఏది కట్టుడో చెప్పుకు తిరిగేదాన్నయితే ఈ ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు ఆగిపోయేవి. ఆ మాట మళ్ళీ అనకు."

"ఊరికే అన్నా. మరేం రాద్దాం? 'ముత్యాల్లాంటి పలువరుస' అని?"

"ముత్యాలు పెట్టుకుని నమల్లేరు. నాకు ముత్యాలంటేనే ఒళ్ళుమంట. అరవై ఏళ్ళ మనిషికి పాలలా తెల్లగా, కొలబద్ద పెట్టి గీసినట్టు పళ్ళు పెడితే ఎలా ఉంటుందో తెలుసా? గుర్రం వచ్చి పలకరించినట్టుంటుంది. నేను పాత ఫొటో తెమ్మంటాను. పక్క పన్ను వంకరుంటే ఆ వంకర అలాగే పెడతాను. లైబ్రరీ మేడమ్ సంగతి నీకు చెప్పానా?"

"ఈల సంగతా?"

"ఆవిడకి ముందు పళ్ళ మధ్య సందుండేది. పెద్ద డాక్టరు గారు మూసేయమన్నారు, మూసేశాను. పెట్టుకుని అద్దం చూసుకుని ఏడ్చేసింది. అద్దంలో ఎవరో ఉన్నారండీ అంది. ఆ సెట్టు వెనక్కి తీసుకుని, గోరు పట్టేంత సందు పెట్టి మళ్ళీ చేశాను. పెట్టుకున్నదల్లా అక్కడే, కుర్చీలో కూచునే, ఈల వేసింది. బయటున్న పేషంట్లంతా లోపలేమవుతోందో అని లేచి నిలబడ్డారు."

"లైబ్రరీలో రోజంతా అందర్నీ నోరు మూసుకోమని చెప్పి, ఇక్కడికొచ్చి ఈల!"

"రాయి. 'వంకర కావాలంటే వంకర, సందు కావాలంటే సందు.'"

"అబ్బ! ఇది గుర్తుంటుందక్కా. ఆగు, లెక్కెడుతోంది. సరిపోయింది. ఇంకా ఇరవైనాలుగు అక్షరాలు మిగిలాయి. గుండె బొమ్మ పెట్టనా?"

"పెట్టావంటే నీ చేతిమీద ప్లాస్టర్ పోస్తాను."

"సరే సరే. ఫొటో? నవ్వుతూ ఉండాలి."

"నేను నవ్వితే వెనక దౌడపన్ను లేదని తెలుస్తుంది."

"ఊరందరికీ పళ్ళు పెట్టి, నీకు లేదా!"

"తీరిక దొరకలేదే. ఇలాగే తియ్యి, పనిచేస్తుండగా. మూతిమీద గుడ్డ తియ్యను."

"మొహం కనబడొద్దూ?"

"కళ్ళు కనబడుతున్నాయిగా. కోపంగా ఉన్నానని తెలిస్తే చాలు."

"తీశా. పెట్టేస్తున్నా. అక్కా, చివరిసారి అడుగుతున్నా. సార్ చూశారంటే..."

"చూడ్డానికేగా పెట్టేది."

"నాలుగింటి దాకా ఆగితే..."

"నొక్కవే!"

"నొక్కేశా. అయిపోయింది. అమ్మో! అప్పుడే ఎవరో చూశారు. లారీ డ్రైవరుగారు! 'అమ్మ చేతి పళ్ళతోనే చెరుగ్గడ నములుతున్నాను' అని రాశాడు."

"చెరుగ్గడలు వద్దని వందసార్లు చెప్పాను వాడికి."

"ఇంకెవరో... అక్కా. సార్ చూశారు."

"ఏమన్నాడు?"

"ఏం రాయలేదు. చూసినట్టు మాత్రం చూపిస్తోంది. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. మెట్లు దిగుతున్నారు."

"దిగనీ. నువ్వు టైపు చేశానని అనకు. చేసిందీ నొక్కిందీ నేనే."

"నీ చేతినిండా ప్లాస్టరుంటే ఎలా నమ్ముతారు?"

"కడుక్కున్నానని చెబుతాను. నువ్వు నోరు మెదపకు."

"ఏంటమ్మా ఇది? ఎవరు రాశారు?"

"నేనే సార్."

"నేను పంపిన నమూనా ఏమయింది? ఏమ్మాయ్, నీకు చెప్పలేదా నేను?"

"సార్, అదీ..."

"ఆ పిల్లనేమీ అనకండి. నమూనా చదివి వినిపించింది. నాకు నచ్చలేదు, నాది నేను రాసుకున్నాను."

"చూడండమ్మా, మీరంటే నాకు చాలా గౌరవం."

"ఆ గౌరవం బయోలో కనబడలేదు సార్."

"మీరు విషయం అర్థం చేసుకోవట్లేదు. 'ప్రతి పన్నూ నా చేతిదే' అని మీరు రాస్తే, మరి డాక్టరేం చేస్తున్నాడని జనం అనుకోరా?"

"మీరు నోరు చూస్తారు, రోగం కనిపెడతారు, అచ్చు తీస్తారు, చివరికి నొప్పి లేకుండా అమరుస్తారు. మంచి చెయ్యి మీది. అది మీ బయోలో రాసుకోండి, నేనేమన్నా అడ్డం వచ్చానా?"

"పైన క్లినిక్ పేజీలో పెద్ద ల్యాబ్ అని ఉంది. కింద మీ పేజీలో మీ చేతిదని ఉంది. రెండూ చూసినవాడు ఏమనుకుంటాడు?"

"రెంట్లో ఒకటి అబద్ధమనుకుంటాడు. కొట్టేస్తే ఆ అబద్ధాన్ని కొట్టెయ్యండి."

"సార్, లారీ డ్రైవరు గారు కూడా మెచ్చుకుంటూ..."

"నువ్వు మధ్యలో మాట్లాడకు. అమ్మా, ఒక్క మాట. అది తీసెయ్యండి."

"తియ్యను."

"తియ్యకపోతే నేను వేరే నిర్ణయం తీసుకోవాల్సొస్తుంది."

"వచ్చే నెల నుంచి రావొద్దంటారు. అనండి. క్లినిక్ మీది, అనొచ్చు. ఈ ఇరవై రెండేళ్ళూ రాలేదని మాత్రం అననివ్వను."

"ఎందుకంత మొండితనం? మీ పనికి నేనేమన్నా వంక పెట్టానా?"

"పేరే లేకుండా చేశాక ఇక వంకెందుకు సార్?"

"సరే, నిజం చెబుతాను వినండి. మీరు బాగా చేస్తారు. ఈ గదికి, ఈ పాత పనిముట్లకి చాలా బాగా చేస్తారు. కానీ పెద్ద ల్యాబ్ పని వేరు. అది ఒకసారి చూసినవాడు మళ్ళీ ఇలాంటివి చూడలేడు."

"మీరు చూశారా?"

"చూశాను కాబట్టే చెబుతున్నాను. మా మామయ్యగారు, అదే మీ పెద్ద డాక్టరు గారు, ఎన్నడూ లేనిది ఒక్కసారి, ఒకే ఒక్క పన్ను అక్కడికి పంపించి చేయించారు. ముందు పన్ను, క్యాపు. తొమ్మిదేళ్ళయింది. ఈ రోజుకీ అంచు చెదరలేదు, రంగు మారలేదు."

"అంత బాగుందా?"

"బాగుండడమా! పక్కనున్న సొంత పన్ను మీద పుట్టుకతో ఒక సన్నటి తెల్ల గీత ఉంటుంది. కట్టిన పన్ను మీద కూడా అదే గీత, అదే చోట పెట్టారు. దగ్గరికొచ్చి చూసినా ఏది సొంతమో ఏది కట్టుడో తెలీదు. ఇంట్లో మనిషి కూడా ఇన్నేళ్ళలో కనిపెట్టలేదు. అలాంటి పని మెషిన్ ఉంటేగానీ కాదు. మనుషుల చేతిలో అంత నైపుణ్యం ఎక్కడుంటుంది చెప్పండి?"

"ఎవరి నోట్లో సార్, అది?"

"ఎవరి నోరయితే మీకెందుకు? ఒక పేషంటు."

"రోజూ చూస్తుంటారా ఆ పేషంటుని?"

"చూస్తాను. చూడకపోతే మీకెలా చెబుతాను? ఇక్కడ సంగతి అది కాదు."

"ఇక్కడ సంగతి అదే సార్. పిల్లా, నువ్వు కాస్త బయటికెళ్ళు."

"నేనా? ఎందుకక్కా?"

"వెళ్ళమంటున్నానా."

"నిన్నొక్కదాన్నీ వదిలేసి వెళ్ళను. తిడితే ఇద్దర్నీ తిట్టమను. సార్, టైపు చేసింది నేనే! నొక్కింది కూడా నేనే!"

"నా తల్లే! నువ్వంత పనిమంతురాలివని నాకు తెలుసులే. ఇది తిట్ల సంగతి కాదు, ఒక పేషంటు సంగతి. నువ్వు వినకూడదు. వెళ్ళి తలుపు దగ్గరికి వెయ్యి."

"...సరే. ఇక్కడే గోడ పక్కనుంటా."

"గోడ పక్కన కాదు, నీ బల్ల దగ్గర."

"వెళ్తున్నా!"

"ఏమిటమ్మా ఇదంతా? ఆ అమ్మాయి ముందు చెప్పలేనిదేముంది?"

"నాకేం, చెప్పగలను. మీరే వినలేరు. ఆ గీత సార్, పక్క పన్ను మీదున్న గీతకంటే వెంట్రుకవాసి పొట్టిగా ఉంటుంది. చివర కొద్దిగా ఎడమకి తిరుగుతుంది. అవునా, కాదా?"

"...మీకెలా తెలుసు?"

"కుంచె జారింది. గీత చెరిపి మళ్ళీ వేసి పన్నుని కొలిమిలో కాల్చాలంటే ఇంకో రోజు పడుతుంది. అంత వ్యవధి లేదు. పదిరోజుల్లో పెళ్ళి, ఎవరిదని అడగొద్దమ్మా అన్నారు పెద్ద డాక్టరు గారు. అడగలేదు."

"ఆగండి. మీరేమంటున్నారు?"

"అడక్కుండానే తెలిసిపోయింది సార్. మీ పెళ్ళికి నన్నూ పిలిచారు. ఫొటో తీసేవాడేదో జోకేస్తే మీరు ఫక్కున నవ్వారు. నేను రెండో వరసలో నిలబడి ఉన్నాను. కన్నబిడ్డని తల్లి గుర్తుపట్టదా? భయపడకండి, తొమ్మిదేళ్ళుగా నా మొగుడికి కూడా చెప్పలేదు. ఆ బయోలోనూ రాయలేదు, ఎప్పటికీ రాయను. కానీ ఉన్న ముక్క మాత్రం తియ్యను."

"కాదు. అలా కాదు. మామయ్యగారు నాతో చెప్పారు. స్వయంగా చెప్పారు. దాన్ని పెద్ద ల్యాబ్‌కి పంపించానన్నారు!"

"పంపించారు సార్. మీరిప్పుడు దాంట్లోనే నిలబడ్డారు."